ఆకుపచ్చ రంగు కింద

"దాన్ని వాకిట్లోకి తీసుకురావద్దు. వీధిలోనే ఆపండి!"

జగన్నాథరావు కేకకి ఎడ్లు కూడా ఆగిపోయాయి. రెండు జతల ఎడ్లు, వాటి వెనక మోకులు, మోకుల చివర కారు. ఎడమవైపు మూతి నలిగిపోయి, ఒక దీపం ఊడి తీగమీద వేలాడుతోంది. వీధిలో వాళ్ళంతా అరుగులమీదికి వచ్చి నిలబడ్డారు. నెల కిందట ఇదే కారు ఇదే వీధిలోకి వచ్చినప్పుడు వాళ్ళే వచ్చి నిలబడ్డారు. అప్పుడు చూసిన చూపు వేరు.

"వీధిలో ఉంచితే పిల్లలెక్కి తొక్కుతారన్నయ్యా," అన్నాడు భవానీప్రసాద్. అతని నుదుటికి గుడ్డ కట్టి ఉంది.

"తొక్కనీ. అమ్మ చెయ్యి విరగ్గొట్టిన బండికి హారతి పట్టమంటావా?"

భవానీప్రసాద్ నుదుటి గుడ్డ సర్దుకున్నాడు.

"ఎడమకి లాగేస్తోందని తెచ్చిన మర్నాడే నాతో అన్నావా లేదా?"

"అన్నా."

"రెండుసార్లు షెడ్డుకి పంపించావు. అయినా లాగుతూనే ఉంది. అవునా?"

"అవును."

"తెలిసే అమ్మని ఎక్కించుకుని పెనుగంచిప్రోలు వెళ్ళావు."

ఎడ్లని తోలుకొచ్చిన పాలేరు మోకు విప్పుతూ తల వంచేసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ భవానీప్రసాద్ భార్య కమలాకుమారి అతని మొహం చూడలేక లోపలికి తిరిగింది.

లోపల నులకమంచం మీద అత్తగారు పడుకుని ఉంది. కుడిచేతికి వెదురుబద్దలు వేసి కట్టు కట్టారు. నిన్న తిరుపతమ్మ దర్శనం చేసుకుని తిరిగొస్తూ, చిల్లకల్లు ఇవతల మలుపులో కారు రోడ్డు వదిలి తూముగోడని కొట్టుకున్నప్పటినుంచి ఆవిడ నోరు విప్పలేదు. నొప్పి అని కూడా అనలేదు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

"అత్తయ్యా, కాసిని పాలు తాగుతారా?"

ఆవిడ తల అడ్డంగా ఊపి, ఎడమచేత్తో కళ్ళవైపు చూపించింది. కళ్ళజోడు. కారులోనే ఉండిపోయింది.

బయట బావగారి గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు అది తగ్గి, మరింత గట్టిపడింది.

"పొద్దున్నే నందిగామ వెళ్ళు. అమ్మిన వకీలుగారిని మర్యాదగా అడుగు. బండి వెనక్కి తీసుకోమను. తీసుకుంటే సరి, తీసుకోకపోతే నోరు మూసుకుని వచ్చెయ్. మాట జారావో, నాకు తమ్ముడే లేడనుకుంటా. వత్సవాయి పొలం దావా ఆయన చేతిలో ఉంది. నాన్న ఆ దావా మీదే ప్రాణం పెట్టుకుని పోయాడు. గుర్తుందా?"

"ఉంది."

"ఉంటే చాలు."

*

ఎండ కాస్త చల్లబడ్డాక కమలాకుమారి కళ్ళజోడు కోసం కారు దగ్గరికి వెళ్ళింది. చివరికి దాన్ని పశువుల కొట్టం పక్కకి తోసి పెట్టారు. వెనక సీటు కింద కుంకుమ పొట్లం చిరిగి ఒలికిపోయి ఉంది. కళ్ళజోడు దాని పక్కనే దొరికింది. అద్దాలు పగల్లేదు.

తలుపు వేసి ఇటు తిరిగేసరికి, నలిగిన మడ్‌గార్డు ఆమె కళ్ళబడింది.

తూముగోడ రాయి గీసుకున్న చోట ఆకుపచ్చ రంగు పెచ్చులుగా లేచిపోయింది. దాని కింద ఇనుము కనిపించాలి. కనిపించలేదు. నల్లరంగు కనిపించింది. నిగనిగలాడే నల్లరంగు.

కమలాకుమారి వంగి, గోటితో ఇంకొంచెం గీకింది. పెచ్చు ఊడింది. మళ్ళీ నలుపే. జడలోంచి పిన్ను తీసి, నలగని వైపు తలుపు అంచున గీకింది. అక్కడా నలుపే.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాళ్ళింట్లో పనిచేసే బసవమ్మ వేసవి మొదలైనప్పటినుంచి ఒకటే మాట చెబుతోంది. దొడ్లో అంట్లు తోముతూ, వడ్లు చెరుగుతూ, ఎవరు విన్నా వినకపోయినా చెబుతోంది. ఆమె మొగుడు సుబ్బరాయుడు లారీ డ్రైవరు. సంత నుంచి నడిచి వస్తున్న ఒక ముసలాయన్ని సందె చీకట్లో చిల్లకల్లు దగ్గర ఏదో బండి కొట్టేసింది. వెనక వస్తున్న సుబ్బరాయుడు లారీ ఆపి, దిగి, ఆయన్ని ఒళ్ళో పెట్టుకుని నోట్లో నీళ్ళు పోస్తున్నాడు. ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళకి కనిపించింది లారీ, డ్రైవరు, వాడి చేతుల నిండా రక్తం. కొట్టి పోలీసులకి అప్పజెప్పారు. ముసలాయన ఆ రాత్రే పోయాడు.

"నా ముందు నల్లకారు పోయింది బాబయ్యా" అని సుబ్బరాయుడు చెప్పని మనిషి లేడు. ఆ చుట్టుపక్కల నల్లకారు ఎవరికీ లేదు. ఎవరూ నమ్మలేదు.

"కారు కడిగెయ్యనా అమ్మగారూ?"

కమలాకుమారి ఉలిక్కిపడింది. వెనక బసవమ్మ బిందెతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"వద్దు."

"బురదంతా ఎండిపోతాది. ఎండితే వదల్దమ్మా."

"వద్దన్నానుగా! నువ్వెళ్ళి అత్తయ్య దగ్గర కూర్చో."

ఎప్పుడూ గట్టిగా మాట్లాడని అమ్మగారు అలా కసురుకోగానే బసవమ్మ బిందె దించి వెళ్ళిపోయింది. కమలాకుమారి కొట్టంలోంచి గోనెపట్టాలు తెచ్చి, మడ్‌గార్డు మీదా తలుపు మీదా కప్పింది. గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టింది.

భవానీప్రసాద్ వచ్చి చూశాడు.

"ఏంటిది?"

ఆమె పట్టా ఎత్తి చూపించింది. అతను చాలాసేపు చూశాడు.

"కొనేటప్పుడు అడిగారా, ఈ రంగు ఎప్పటిదని?"

"అడిగా. కొన్ననాటి రంగేనన్నారు."

"షెడ్డులో ఏమన్నారు?"

"ముందు ఇరుసు ఇదివరకే ఒకసారి వంగిందట. సాపు చేసి బిగించారట. అందుకే లాగుతోందన్నారు." చెబుతున్నవాడల్లా మధ్యలో ఆగాడు. "కమలా, నువ్వేం అనుకుంటున్నావో నాకు తెలుసు. అనుకోకు. నల్లకార్లు లోకంలో వెయ్యి ఉంటాయి."

"రంగు మార్చుకున్నవి ఎన్ని ఉంటాయి?"

అతను పట్టా మళ్ళీ కప్పేశాడు.

*

నందిగామలో వకీలు ఉమాకాంతంగారు పడకకుర్చీలో కూర్చుని తమలపాకుల ఈనెలు తీసుకుంటున్నారు. వీళ్ళని చూడగానే ఎంతో ఆదరంగా లేచారు.

"రావయ్యా భవానీప్రసాదూ, రామ్మా. నిన్ననే తెలిసింది. అమ్మగారికి ఎలా ఉంది? ఆ వయసులో ఎముక అతుక్కోడానికి కొంచెం ఆలస్యమవుతుంది. కంగారుపడకండి."

ఆ ఆదరానికి భవానీప్రసాద్ తెచ్చుకున్న మాటలు సగం కరిగిపోయాయి. అయినా చెప్పాడు. ఇరుసు సంగతి, ఎడమకి లాగడం సంగతి, తూముగోడ సంగతి.

"షెడ్డువాళ్ళు వంద చెబుతారయ్యా. చెప్పకపోతే వాళ్ళకి గడవొద్దూ? నువ్వు తోలి చూసుకునే తీసుకున్నావు. నేనేమన్నా నీకు అంటగట్టానా?"

"లేదండి."

"మా అల్లుడి బండి. బెజవాడలో ఉన్నన్నాళ్ళూ వాడాడు. మద్రాసులో ఉద్యోగం రాగానే, ఇక నాకెందుకు మావయ్యా, అమ్మేయండి అన్నాడు. ఒక్కనాడు మొరాయించలేదు."

"ఆ కారు ఇదివరకు నల్లగా ఉండేదా అండీ?" అంది కమలాకుమారి.

ఈనె తీస్తున్న వేళ్ళు ఆగాయి.

భవానీప్రసాద్ భార్యవైపు తిరిగాడు. బస్సులో వస్తున్నంతసేపూ, ఆ మాట ఎత్తనని ఆమె చేత అనిపించుకున్నాడు.

"ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండి. అడుగుతున్నా."

"మొదటినుంచీ ఆకుపచ్చే." ఉమాకాంతంగారు నవ్వారు. "ఆడవాళ్ళు రంగు చూస్తారు, మగవాళ్ళు ఇంజను చూస్తారు. ఇద్దరూ కలిసి చూస్తే బేరం బాగా కుదురుతుంది." ఆకుకి సున్నం రాసుకుని, మడిచి, నోట్లో పెట్టుకున్నారు. "భవానీప్రసాదూ, మీ అన్నయ్యని ఒకసారి రమ్మనవయ్యా. మీ వత్సవాయి దావా మంచి పట్టుమీదుంది. ఇప్పుడు ఇటు తిప్పితే ఇటు తిరుగుతుంది, అటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇలాంటప్పుడు మనలో మనకి పొరపొచ్చాలు ఉండకూడదు."

ఆ మాటలు మెత్తగానే ఉన్నాయి. భవానీప్రసాద్ మెడ వంగిపోయింది.

లోపలి గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది. మజ్జిగ గ్లాసులు పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. ఉమాకాంతంగారి కూతురు బాలాత్రిపురసుందరి. పాతికేళ్ళు కూడా ఉండవు. అల్లుడు మద్రాసు వెళ్ళినా, ఆమె మాత్రం వేసవినుంచీ పుట్టింట్లోనే ఉంది. మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు. గ్లాసు అందిస్తూ కమలాకుమారి మొహంలోకే చూసింది.

"దొడ్లో కనకాంబరాలు విరగబూశాయండి. రండి, కోసిస్తాను."

"ఎందుకే ఇప్పుడు, బస్సుకి వేళవుతుంది," అన్నారు తండ్రి.

"రెండు నిమిషాలు నాన్నా."

దొడ్లో నూతి పక్కన కనకాంబరం పొదలు నిండుగా పూసి ఉన్నాయి. బాలాత్రిపురసుందరి పూలు కోస్తోంది. కోసిన పువ్వు కోసినట్టే వేళ్ళ మధ్య నలిగిపోతోంది. అది ఆమె చూసుకోవడం లేదు.

"ఆ లారీ అతనికి పిల్లలున్నారా అండీ?"

కమలాకుమారి ఆమెవైపు తిరిగింది. లారీ మాట ఆ ఇంట్లో తను ఎత్తలేదు. భర్త ఎత్తలేదు.

"ఏ లారీ అతను?"

"మీ ఊరివాడేగా. మా ఇంటికి వచ్చే క్లయింట్లు చెప్పుకుంటూ ఉంటే విన్నాను."

"ఇద్దరు," అంది కమలాకుమారి నెమ్మదిగా. "చిన్నదానికి ఇంకా అడుగులు రాలేదు. వాళ్ళమ్మ మా ఇంట్లోనే పనిచేస్తోంది."

"శిక్ష పడుతుందా?"

"శుక్రవారం చెబుతారట."

బాలాత్రిపురసుందరి నూతిగట్టు పట్టుకుంది. చేతిలోని పూలు రాలిపోయాయి.

"నేను ఆపమన్నానండీ. ఆయన ఆపలేదు. వెనక్కి తిరిగి చూస్తే, అక్కడ లారీ ఆగుతోంది. హమ్మయ్య, ఎవరో ఒకరు ఆగారు, బతుకుతాడులే అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం కూడా తిన్నాను."

"త్రిపురా!"

వెనక గుమ్మంలో ఉమాకాంతంగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో తెలియదు.

"పూలు కోసింది చాలు. లోపలికి రా."

ఆమె తలదించుకుని తండ్రి పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది. వెళుతూ ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ చూపుకి కమలాకుమారి ఏదో చెప్పాలనుకుంది. ఏం చెప్పాలో తోచలేదు.

*

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చిల్లకల్లు దాటాక పగిలిన తూముగోడ కనిపించేసరికి, వెనక ఎవరో "ఇక్కడే" అన్నారు. భవానీప్రసాద్ కిటికీలోంచి మొహం తిప్పేసుకున్నాడు.

దొడ్లో విన్నది కమలాకుమారి చెప్పింది. అతను వింటున్నంతసేపూ ముందు సీటు ఊచ పట్టుకునే ఉన్నాడు.

"ఇంకెవరితోనూ అనకు."

"ఎన్నాళ్ళు?"

"దావా తేలేదాకా."

"శుక్రవారం తేలేది మన దావా కాదు."

"మెల్లగా మాట్లాడు!" అతను చుట్టూ చూశాడు. "ఆ పిల్ల కోర్టుకొచ్చి చెబుతుందా? మొగుడి మీద, తండ్రి మీద చెబుతుందా? చెప్పదు. మిగిలేది మనం. ఆయన్ని కాదని ఈ తాలూకాలో మనకి ఇంకో వకీలు దొరుకుతాడా? అన్నయ్య ఊరుకుంటాడా?"

"మరి బసవమ్మ?"

"అది మనం చేసింది కాదు కమలా."

"కాదు. కానీ ఆ కారులో ఇన్నాళ్ళూ మనమే తిరిగాం. బసవమ్మ బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి పోస్తుంటే, బంపరు తుడుస్తుంటే, చూస్తూ కూర్చున్నాం."

ఇల్లు చేరేసరికి దీపాల వేళ అయింది. బసవమ్మ దొడ్లో గిన్నెలు బోర్లిస్తోంది. చిన్నపిల్ల గుంజకి కట్టిన ఉయ్యాల్లో నిద్రపోతోంది.

"శుక్రవారం నేను రానమ్మగారూ. కోర్టుకి ఎల్లాల."

"సరే."

"మొన్న సూడ్డానికెల్తే ఒకటే మాటమ్మా. ఆగకుండా పోయినా బాగుండేది బసవా, అంటన్నాడు. ఆగినందుకు ఏడుత్తన్నాడు. మడిసి సచ్చిపోతుంటే ఎవడన్నా అట్టా ఎల్లిపోతాడా అమ్మా?"

కమలాకుమారి వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

*

మర్నాడు మొదటి బస్సుకే వకీలుగారి గుమాస్తా వరప్రసాదరావు వచ్చాడు. ఇంటి ముందు ఒక లారీ కూడా ఆగింది. కారుని కట్టి లాక్కుపోవడానికి గొలుసులు దించుతున్నారు.

జగన్నాథరావు మొహం చాలా రోజుల తరవాత విప్పారింది.

"చూశావుట్రా! పెద్దమనిషంటే అలా ఉండాలి. బండి వెనక్కి తీసుకుంటున్నారు. నువ్విచ్చిందంతా తిరిగి ఇచ్చేస్తారట. అమ్మ వైద్యం ఖర్చూ ఆయనదేనట. దావా సంగతి కూడా ఈ నెలలోనే తేల్చేస్తానని కబురు పెట్టారు."

"ఎందుకంత తొందర బావగారూ?" అంది కమలాకుమారి.

ఆ ఇంట్లో ఆడవాళ్ళు బావగారికి ఎదురుగా వచ్చి మాట్లాడరు. జగన్నాథరావు తమ్ముడివైపు చూశాడు. తమ్ముడు నేల చూస్తున్నాడు.

"ఏంట్రా ఇది?"

భవానీప్రసాద్ అన్నని పక్కకి తీసుకెళ్ళి, నాలుగు ముక్కల్లో చెప్పాడు. జగన్నాథరావు వింటూ వింటూ కారువైపు చూశాడు. గోనెపట్టాలవైపు చూశాడు. మొహంలోంచి ఆ విప్పారడమంతా జారిపోయింది. కాసేపటికి అది మళ్ళీ బిగుసుకుంది.

"అయితే మరీ మంచిది. ఇంకా ముందే పోవాలి ఆ పీడ. కట్టండయ్యా గొలుసులు!"

"అన్నయ్యా, ఒక మనిషి జైల్లో..."

"మనం పెట్టామా జైల్లో? మనకి తెలీదు. మనమేం చూళ్ళేదు. పచ్చకారు కొన్నాం, పచ్చకారు ఇచ్చేశాం. అంతే."

గొలుసు చప్పుడు వినిపిస్తోంది. కమలాకుమారి భర్తనే చూస్తూ నిలబడింది. అతను ఒక్క మాట అంటాడేమోనని చూసింది. అతను అనలేదు.

ఆమె దొడ్డివైపు తిరిగింది.

"బసవమ్మా! ఇలా రా."

"కమలా, వద్దు," అన్నాడు భవానీప్రసాద్.

బసవమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కమలాకుమారి ఆమె చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్ళి, రాళ్ళు తీసి, గోనెపట్టా లాగేసింది. వేలితో చూపించింది.

బసవమ్మ మొదట అర్థంకానట్టు చూసింది. వంగింది. వేలితో ఆ నల్లని మచ్చని తడిమింది. తడిమి, చుట్టూ ఉన్న పచ్చరంగు పెచ్చు ఒకటి లాగింది. ఇంకొకటి లాగింది. ఆ తరవాత రెండు చేతులతోనూ గీకడం మొదలుపెట్టింది. గోళ్ళు విరుగుతున్నా ఆగలేదు. నోట్లోంచి ఒక్క ఏడుపు రాలేదు.

గొలుసు పట్టుకున్నవాళ్ళు అది వదిలేసి దూరంగా జరిగారు. వరప్రసాదరావు "ఏంటండీ ఇది, ఏంటండీ" అంటున్నాడు.

బసవమ్మ లేచి, కారు ముందు చక్రాల దగ్గర, మట్టిలో కూలబడింది.

"దీన్ని తీసుకెల్లేవాడు నా మీంచి తీసుకెల్లండి."

"లేపరా దాన్ని!" అరిచాడు జగన్నాథరావు. ఎవరూ కదల్లేదు. "భవానీ, నిన్నే! లేపు!"

భవానీప్రసాద్ రెండడుగులు వేశాడు. బసవమ్మ తలెత్తి చూసింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

"వాడు లేపడు," అన్నది ఒక గొంతు.

అందరూ గుమ్మంవైపు తిరిగారు. మూడు రోజులుగా మంచం దిగని అత్తగారు, బద్దలు కట్టిన చేతిని రెండో చేత్తో మోసుకుంటూ, ద్వారబంధానికి ఆనుకుని నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వెందుకొచ్చావు? లోపలికెళ్ళు."

"నీ అరుపులకి ఊరంతా లేచింది, నేను లేవనా? అంతా విన్నాలే." ఆవిడ ఊపిరి అందక ఆగింది. "నన్ను పడేసింది ఆ కారేగా. అది ఇక్కడే ఉంటుంది. అడిగేవాళ్ళొస్తే చూపిస్తాం. నన్ను పిలిస్తే నేనూ వెళ్ళి చెబుతా."

"దావా పోతుందమ్మా! వత్సవాయి పొలం పోతుంది! నాన్న..."

"మీ నాన్న పేరెత్తకు. ఆ పొలం కోసం ఆయన చెయ్యని పని లేదు. ఇదొక్కటే మిగిలింది. అది నువ్వు చేస్తానంటావా?"

తల్లి జగన్నాథరావుతో అలా ఎన్నడూ మాట్లాడలేదు. పదిమంది ముందు, గుమాస్తా ముందు, పనిమనిషి ముందు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"సరే. మీరంతా ధర్మరాజులు, నేనొక్కణ్ణే పాపాత్ముణ్ణి. రేపు పెద్దమనుషుల్ని పిలుస్తా. పొలం, ఇల్లు, గొడ్డు, గోదా పంచుకుందాం. ఆ కారు తమ్ముడి వాటాకి రాయిస్తా. దాన్ని పెట్టుకుని పూజ చేసుకోండి."

"అన్నయ్యా!"

"పిలవకు. మొన్ననే చెప్పా, నాకు తమ్ముడే లేడని."

అతను వీధిలోకి అడుగుపెట్టబోతూ ఆగిపోయాడు.

దుమ్ము లేపుకుంటూ ఒక అద్దె టాక్సీ వచ్చి, లారీ వెనక ఆగింది. అందులోంచి ఉమాకాంతంగారు దిగారు. కోటు లేదు. భుజాన కండువా లేదు. పైన చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకుని ఉన్నాయి. జగన్నాథరావు చేతులు జోడించాడు. ఆయన చూడనేలేదు. కారువైపు చూడలేదు, మట్టిలో కూర్చున్న బసవమ్మవైపు చూడలేదు. నేరుగా కమలాకుమారి దగ్గరికి నడిచారు.

"మా త్రిపుర మీ ఇంటికొచ్చిందా అమ్మా?"

"లేదండీ."

"నిజం చెప్పు తల్లీ. కోపగించుకోను. వచ్చిందా?"

"రాలేదండీ. ఏమైందండీ?"

"తెల్లవారేసరికి పక్కమీద లేదు. దొడ్డితలుపు తీసి ఉంది. చెప్పులు ఇంట్లోనే ఉన్నాయి." ఆయన గొంతు కోర్టులో వినిపించే గొంతు కాదు. "నూతిలో చూశాం. లేదు. బస్టాండులో ఎవరూ చూళ్ళేదన్నారు. మునేటి ఒడ్డుకి మనుషుల్ని పంపించి, నేనిటు వచ్చా. నిన్న దొడ్లో దాంతో ఏం చెప్పావమ్మా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా కమలాకుమారినే చూస్తున్నారు.

"లారీ డ్రైవరుకి పిల్లలున్నారా అని అడిగింది. ఇద్దరని చెప్పా. చిన్నదానికి ఇంకా అడుగులు రాలేదని చెప్పా."

ఉమాకాంతంగారు అరుగు కోసం చెయ్యి చాచి, అందక, మెట్టు మీద కూర్చుండిపోయారు. వరప్రసాదరావు పట్టుకోబోతే తోసేశారు. జగన్నాథరావు జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి.

కారు ముందు నుంచి బసవమ్మ లేచింది. రంగు పెచ్చులు అంటుకున్న చేతుల్ని చీరకి రాసుకుంటూ వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ అమ్మాయి కారులో ఉందా ఆ రోజు?"

ఆయన తలెత్తి చూశారు. ఈమె ఎవరో ఆయనకి తెలియదు. అయినా తల ఊపారు.

"సూసిందా?"

మళ్ళీ ఊపారు.

"అయితే కూకున్నారేంటయ్యా!" బసవమ్మ ఆయన రెక్క పట్టుకుని లేవదీసింది. "ఆ పిల్ల బతికుండాల. బతికొచ్చి సెప్పాల. లెగండి. మునేటికి అడ్డదారి నాకు తెల్సు."

ఆమె ఆయన్ని టాక్సీవైపు నడిపించుకుపోతోంది. నిద్ర లేచిన పిల్ల దొడ్లో ఉయ్యాల్లోంచి ఏడుస్తోంది. బసవమ్మ వెనక్కి తిరగలేదు.